ఎడమవైపు గుర్రం

ఆ రెండు గుర్రాలకీ తోడికోడళ్ళని పేరు పెట్టినవాడి నోరు పడిపోను అని ఆవిడ రోజుకొక్కసారైనా అనుకునేది. పెట్టినవాడు కట్టుకున్న మొగుడే కాబట్టి ఆ తిట్టు పెదవి దాటి బయటికి వచ్చేది కాదు.

పెద్దకోడలు, చిన్నకోడలు. రెండూ ఆడగుర్రాలే, రెండూ గోధుమ రంగువే. పెద్దదానికి నుదుటి మీద తెల్లటి చుక్క. చిన్నదానికి వెనక కాళ్ళు రెండూ మేజోళ్ళు తొడిగినట్టు తెల్లగా ఉంటాయి. ఆరేళ్ళుగా రెండింటినీ ఒకే బండికి పూన్చుతున్నారు. ఆ కొండ మీదికి మోటారు బళ్ళు రానివ్వరు. కింద గేటు దగ్గర దిగిన అతిథుల్ని పైన ఉన్న హోటలుకి చేర్చేవి గుర్రపు బళ్ళే. హోటలు వెనక గుర్రాల సాల, సాలని ఆనుకుని రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో బండి తోలే ఆయన, ఆయన తల్లి, ఆవిడ.

పేరు ఆయన సరదాకి పెట్టిందే. మొదటి మలుపు దగ్గర బండి కాస్త నెమ్మదించగానే వెనక్కి తిరిగి, "ఇవి తోడికోడళ్ళండీ. ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. పని దగ్గర మాత్రం నాలుగూ నాలుగూ ఎనిమిది కాళ్ళు ఒకే అడుగు," అనేవాడు. అతిథులు నవ్వేవారు. ఆరేళ్ళపాటు అది ఉత్త మాటే. ఈ ఏడు వానలు వెనక్కి తగ్గాక నిజమై కూర్చుంది. ఎడమవైపు కట్టే పెద్దకోడలు, కుడివైపు కట్టే చిన్నకోడల్ని మెడ మీద కొరకడం మొదలుపెట్టింది. సాలలో కాదు, మేతకి వదిలినప్పుడూ కాదు. బండికి కట్టి పది బారలు నడిచాకే.

ఆ రోజు పొద్దున ఆవిడ చిన్నకోడలు మెడకి మందు రాస్తోంది. గాయం అరచేతంత ఉంది. దాని చుట్టూ వెంట్రుకలు ఊడి, చర్మం ఉడికిన దుంప తొక్కలా ముడతలు పడింది. ఇంటి గడపలో కూర్చుని అత్తగారు ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"మళ్ళీ కొరికిందా?"

"ఆఁ. పాత దాని మీదే."

"పెద్దకోడలి బుద్ధి ఎక్కడికి పోతుంది! నా తోడికోడలు నన్ను పంటితో కొరకలేదన్న మాటే గానీ, అంతకంటే ఎక్కువే చేసింది."

"అత్తా, ఇవి గుర్రాలు."

"మేం మాత్రం? గుర్రాల్లాగే చాకిరీ చేశాం."

ఆవిడకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నిన్న సాయంత్రం హోటలు మేనేజరు సాల గుమ్మం దాకా వచ్చాడు. బూట్లకి పేడ అంటుతుందని లోపలికి అడుగు పెట్టకుండా, చెప్పాల్సింది అక్కడే నిలబడి చెప్పాడు. మొన్న మూడో మలుపులో పెద్దకోడలు కొరికితే చిన్నకోడలు అరిచి, పక్కకి ఉరికి, బండి చక్రం రోడ్డు వారన ఉన్న రాళ్ళగోడని రాసుకుపోయింది. బండిలో ఉన్న ముసలావిడ అక్కడే దిగిపోయి, తన సంచీ తనే మోసుకుంటూ కొండెక్కి వచ్చింది. ఒకటో తారీకున సీజను మొదలు. ఆలోగా ఈ కరుచుకోవడం ఆగిందా సరే. లేదా జోడీ రెండూ కింద రాళ్ళ క్వారీకి వెళ్ళిపోతాయి. వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు.

క్వారీకి వెళ్ళిన గుర్రం ఎలా ఉంటుందో ఆ కొండ మీద అందరికీ తెలుసు. రెండేళ్ళు. అంతకు మించి ఏ గుర్రాన్నీ అక్కడ ఎవరూ చూడలేదు.

పది రోజులు చేతిలో ఉన్నాయి.

*

చెయ్యని వైద్యం లేదు. పెద్దకోడలి మూతికి చిక్కం కట్టారు. కొరకడం ఆగింది కానీ, గేటు దగ్గర అతిథులు ఆ చిక్కం చూసి, "ఇది మనుషుల్ని కూడా కరుస్తుందా?" అని వెనక్కి తగ్గారు. మేనేజరు చిక్కం తీయించాడు. పెద్దకోడలి కళ్ళేనికి అడ్డంగా ఒక కర్ర కట్టారు, మూతి పక్కదాని మెడ దాకా రాకుండా. మలుపు మలుపుకీ ఆ కర్ర గుచ్చుకుని దాని నోటి పక్కన పుండు పడింది. చిన్నకోడలు మెడకి చేదు మందు పూశారు. పెద్దకోడలు ఒకసారి కొరికి, తుమ్మి, మళ్ళీ కొరికింది. కళ్ళ పక్కన గంతలు ఇంకాస్త వెడల్పువి పెట్టారు. వేరే వేరే తొట్లలో మేత వేసి చూశారు. ఒకే తొట్లో వేసి చూశారు. ఒకే తొట్లో వేసినప్పుడు రెండూ తలలు ఆనించుకుని శుభ్రంగా తిన్నాయి. అది చూసిన అత్తగారు, "నలుగురిలో ఉన్నప్పుడు మేం కూడా ఇంతే," అంది.

నాలుగో రోజున పశువుల డాక్టరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. పళ్ళు చూశాడు, చెవులు చూశాడు, గిట్టలెత్తి చూశాడు. ఏమీ లేదన్నాడు.

"పక్కలు మార్చి చూడండి. చిన్నదాన్ని ఎడమకి కట్టండి, పెద్దదాన్ని కుడికి. కొత్త పక్కన కాస్త తికమక పడి కరవడం మర్చిపోవచ్చు."

మర్నాడు పక్కలు మార్చారు. మధ్యాహ్నం బండి తిరిగి వచ్చేసరికి ఆవిడ నీళ్ళ బకెట్టుతో గుమ్మంలోనే నిలబడి ఉంది. చిన్నకోడలి మెడ మీద కొత్త గాటు ఏదీ లేదు. అమ్మయ్య అనుకునేలోపే పెద్దకోడలు మెడ తిప్పింది. మెడ మీద నాలుగు పళ్ళ గాట్లు, తాజాగా.

"చూశావా!" అన్నాడు ఆయన, బండి దిగుతూ. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది గొంతులో. "ఇన్నాళ్ళూ పడింది కదా, ఇప్పుడు పగ తీర్చుకుంటోంది. పేరు పెట్టినప్పుడు ఇంత నిజమవుతుందనుకోలేదే."

సాయంత్రానికి కొండ మీద అందరికీ తెలిసిపోయింది. చిన్నకోడలు ఎదురు తిరిగిందట. మిగతా బళ్ళవాళ్ళు వచ్చి చూసి పోయారు. ఒకడు, "మా ఇంట్లోనూ ఇదే వరస బావా, నేను కర్ర కట్టలేదంతే," అని నవ్వించాడు. ఎవరి ఇంట్లో తోడికోడళ్ళ కథలు వాళ్ళు చెప్పుకున్నారు. ఇన్నాళ్ళూ తప్పు ఒకదానిది. ఇప్పుడు రెండూ ముద్దాయిలే.

ఆవిడ మాత్రం ఆ కథల్లో కూర్చోలేదు. దీపం పెట్టే వేళకి మందు డబ్బా పట్టుకుని సాలలోకి వెళ్ళి, రెండు గుర్రాల నోళ్ళూ తెరిచి చూసింది.

ఆవిడ పుట్టింటివాళ్ళు గుర్రాలకి జీన్లు, కళ్ళేలు కుట్టేవాళ్ళు. ఆవిడ నాన్న తోలు కుట్టడం పూర్తయ్యాక, కూతుర్ని బండి మీద కూర్చోబెట్టి ఊరి చివరిదాకా తోలించి, వచ్చాక గుర్రం నోటి మూలలు చూపించేవాడు. ఎక్కడ ఎర్రబడితే అక్కడ తోలు తప్పు అని. పెద్దకోడలికి నోటి కుడి మూల చీలి, పాతబడి, నల్లగా గట్టిపడింది. అది కర్ర గుచ్చుకున్న పుండేనని ఇన్నాళ్ళూ అనుకున్నారు. చిన్నకోడలికి కర్ర ఎప్పుడూ కట్టలేదు. దానికీ కుడి మూలే, ఈ రోజే, పచ్చిగా చీలి ఉంది.

రెండింటికీ కుడి మూలే. అదీ ఎడమవైపు కట్టినప్పుడే.

పగ్గాలు దించి చూసింది. జోడు గుర్రాల బండికి తోలేవాడి చేతిలో ఉండేవి రెండు పగ్గాలే. కానీ ఒక్కో పగ్గమూ మధ్యలో చీలి, రెండు గుర్రాల నోళ్ళకీ వెళుతుంది. కుడి పగ్గం లాగితే రెండు తలలూ కుడికి తిరుగుతాయి, ఎడమది లాగితే రెండూ ఎడమకి. పగ్గాల పొడవు జానలు వేసి కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. తోలు తప్పు కాదు.

తోలుది కాకపోతే మరెవరిది? ఎడమ పగ్గం సడలి, కుడి పగ్గం బిగిసి ఉంటే, ఎడమవైపు గుర్రం మూతి పోయి పోయి పక్కదాని మెడ మీద పడుతుంది. కుడివైపు గుర్రం తల బయటికి తిరిగి లాగుడుకి లొంగిపోతుంది కాబట్టి దాని నోరు కోసుకోదు. కొరకాలన్నా దానికి గాలి తప్ప ఏమీ దొరకదు. ఏళ్ళ తరబడి తిరిగిన రోడ్డు కాబట్టి, తలలు వంకరగా ఉన్నా కాళ్ళు మాత్రం తిన్నగానే నడుస్తాయి. నోటి మూల కోసుకుపోతున్న గుర్రానికి ఎదురుగా మెడ కనబడితే ఏం చేస్తుంది? పగా లేదు, పంతమూ లేదు. ఎడమవైపు ఏది ఉంటే అది కొరుకుతుంది. రేపు ఇంకో గుర్రాన్ని తెచ్చి కట్టినా అదీ కొరుకుతుంది.

ఆవిడ పగ్గాలు ఒళ్ళో వేసుకుని గడ్డిమోపు మీద కూర్చుండిపోయింది. నెల్లాళ్ళుగా ఆయన చొక్కా కుడి చేతి గుండీ పెట్టుకోవడం లేదు. వేళ్ళాడే ఆ చొక్కా చేతిని చూసి, "పెళ్ళాం లేనివాడిలా తిరుగుతావేమయ్యా," అని రెండుసార్లు కసిరింది కూడా. కుడి చేతి గుండీ పెట్టేది ఎడమ చెయ్యి. ఆ మాట ఇన్నాళ్ళూ ఆవిడకి తట్టలేదు.

నోరు పడిపోను అని తను అనుకునే తిట్టు గుర్తొచ్చి, ఆవిడ గబుక్కున నాలుక కరుచుకుంది.

*

మర్నాడు పొద్దున బండిలో అతిథులెవరూ లేరు. కింద గేటు దగ్గర దాణా మూటలు తెచ్చుకోవాలి, అంతే.

"ఒక్కసారి నన్ను తోలనియ్యి," అంది.

"ఎందుకే?"

"చెయ్యి ఊరుకోవడం లేదు. మా నాన్న పోయాక పగ్గం పట్టలేదు."

ఆయన నవ్వి జరిగి కూర్చున్నాడు. ఆవిడ పగ్గాలందుకుంది. మొదట్లో వేళ్ళు బిగుసుకున్నా, మొదటి మలుపు దాటేసరికి సర్దుకున్నాయి. ముందు రెండు తలలు, నాలుగు చెవులు, రెండు జూళ్ళు సమానంగా ఊగుతున్నాయి. మూడో మలుపు వచ్చింది, పోయింది. కిందికి వెళ్ళి, మూటలు ఎక్కించుకుని, పైకి వచ్చారు. ఎడమవైపున్న చిన్నకోడలు ఒక్కసారంటే ఒక్కసారి పళ్ళు బయటపెట్టలేదు.

సాల ముందు బండి ఆపాక కూడా ఆయన దిగలేదు. గుర్రాల వీపులే చూస్తూ కూర్చున్నాడు.

"అయితే వాటికి నేనంటే గిట్టడం లేదన్నమాట," అన్నాడు.

"అది కాదయ్యా."

"మరేంటి? నువ్వు పడితే గొర్రెపిల్లలు. నేను పడితే పులులు. ఆరేళ్ళు నా చేత్తో మేపాను వాటిని."

ఆవిడ పగ్గాలు కొక్కేనికి చుట్టి, ధైర్యం తెచ్చుకుంది. "నీ ఎడమ చెయ్యి పట్టు తప్పుతోంది. ఎడమ పగ్గం జారిపోతోంది నీకు. అందుకే ఎడమదాని నోరు..."

ఆయన పెద్దగా నవ్వాడు. "నా చెయ్యా? నా చెయ్యి పట్టు తప్పడమేంటే?" జేబులోంచి ఎడమ చెయ్యి తీసి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "నొక్కనా? గాజులు పగులుతాయి మరి, ఏడవకూడదు."

నొక్కాడు. ఆయన దవడ బిగుసుకుంది, మెడ నరం పొంగింది. ఆవిడ నొప్పి కోసం ఎదురుచూసింది. చంటిపిల్లాడు పట్టుకున్నట్టుంది. ఆయన కళ్ళు ఆవిడ మొహాన్నే చూస్తున్నాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ కళ్ళు తనని అలా బతిమాలడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"అబ్బా," అంది ఆవిడ. "వదులు, నొప్పి."

అంతే. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక గానీ ఏం చేసిందో ఆవిడకే అర్థం కాలేదు. ఆయన మొహం విప్పారింది.

"మరి? పట్టు తప్పిందిట, పట్టు!" అని బండి దిగి, ఈల వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

*

ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు ఆ మాట ఎత్తినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "నువ్వే కదా అబ్బా అన్నావు." దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆవిడకి దారి దొరకలేదు. నీ మీద జాలేసి అబద్ధం ఆడానని ఏ మొగుడికి ఏ పెళ్ళాం చెప్పగలదు?

ఆయన మాత్రం తను కనిపెట్టిన రోగానికి తనే వైద్యం మొదలుపెట్టాడు. గుర్రాలకి తన మీద మనసు విరిగింది, మళ్ళీ అతకాలి. వంటింట్లో క్యారెట్లు మాయం కాసాగాయి. ఒక రోజు ఆవిడ గడ్డి తేవడానికి వెళ్ళి, సాల తలుపు చాటున ఆగిపోయింది. ఆయన పెద్దకోడలి నుదుటికి నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏం చేశానే తల్లీ నేను? ఆ వానల్లో ఒకసారి కొట్టాను, అదేనా? పిల్ల అడ్డం వచ్చింది, భయమేసి కొట్టాను. మనసులో పెట్టుకున్నావా? తిను. నీ చెల్లికి కూడా ఇస్తాలే, కుళ్ళుకోకు."

పెద్దకోడలు క్యారెట్టు కరకర నమిలి, ఆయన చొక్కా జేబు వెతికింది. ఆవిడ గడ్డి తీసుకోకుండానే వెనక్కి వచ్చేసింది.

క్యారెట్లు తిన్న గుర్రాలే మర్నాడు మళ్ళీ కరుచుకున్నాయి. ఆయన కొండ దిగి ఎక్కి వచ్చేసరికి పెద్దకోడలి మెడ మీద గాటు ఇంకొంచెం లోతుకి దిగింది. ఆయన చేతిలో మిగిలిన క్యారెట్టు ముక్క తొట్టి అంచున పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడకి తెలిసిన విద్య ఒకటే. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె, నాన్న ఇచ్చింది, పెట్టెలోంచి తీసింది. ఎడమ గుర్రం నోటి కుడి మూలకి వెళ్ళే తోలు ముక్క మీద, ఉన్న బెజ్జాల తర్వాత ఇంకొకటి పొడిచి, బక్కిల్ దానికి పెట్టింది. అంత మేర కుడి లాగుడు సడలి, గుర్రం తల తిన్నగా నిలుస్తుంది. ఆయన చూడకుండా ఉండాలని బెజ్జం అంచుకి నల్లరంగు కూడా పూసింది.

ఆ పొద్దున కొరకలేదు. ఆయన మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని, "క్యారెట్లు పనిచేస్తున్నాయి," అన్నాడు. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. మధ్యాహ్నం తిరుగుడులో మళ్ళీ గాటు. పొద్దున్న చేతిలో ఉన్న పట్టు మధ్యాహ్నానికి ఉండటం లేదు. మర్నాడు ఇంకో బెజ్జం వేసింది. ఆ రోజు పొద్దున్నే చెయ్యి కాస్త బాగుందేమో, పగ్గం వదులై తలలు ఎడంగా పోయి, బండి రోడ్డు మధ్యలో పాములా నడిచింది. తోలుకి ఎన్ని బెజ్జాలైనా పొడవగలదు. గంటకో రకంగా ఉండే చేతికి కొలత ఎక్కడ తీసుకోవాలి?

ఆరె పెట్టెలో పెట్టేస్తుంటే అత్తగారు గడపలోంచి చూస్తోంది.

"ఎన్ని పొడుస్తావే ఇంక?"

ఆవిడ ఉలిక్కిపడింది. "దేనికి పొడుస్తున్నానో నీకు తెలుసా?"

"కన్నదాన్ని. అన్నం ముద్ద జారితే వాడు పళ్ళెం వైపు కాదు, నా వైపు చూస్తాడు, నేను చూశానేమో అని. నెలపైనే అయింది. నేను చూడనట్టు ఉల్లిపాయలు ఒలుస్తుంటాను."

"మరి ఆ తోడికోడళ్ళ కబుర్లన్నీ ఎందుకు చెప్పావు?"

"ఏదో ఒకటి చెప్పాలిగా," అంది అత్తగారు. "చెప్తే వినేవాడైతే నీదాకా ఎందుకు రానిస్తాను?"

ఆ మర్నాడు పశువుల డాక్టరు గాయం కుట్టడానికి వచ్చాడు. పని అయ్యాక ఆవిడ డాక్టరు వెంట మొదటి మలుపు దాకా నడిచి, పక్కలు మార్చిన దగ్గర్నుంచి నోటి మూలల దాకా అంతా చెప్పింది. డాక్టరు మళ్ళీ సాల దగ్గరికి తిరిగి వచ్చాడు.

"ఏమయ్యా, ఈ సంచీ కాస్త పట్టుకో," అని మందుల సంచీ బండాయన ఎడమవైపుకి చాచాడు.

ఆయన చూసి నవ్వాడు. సంచీ కుడి చేత్తో అందుకున్నాడు. "ఇది చెప్పిందా మీకు? దానికి చెయ్యి పిచ్చి పట్టుకుంది డాక్టరుగారూ. మొన్న నొక్కితే అబ్బా అని అరిచింది, అడగండి కావాలంటే."

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నేల చూసింది.

"పట్నం వెళ్ళి ఒకసారి చూపించుకో. తప్పేముంది?"

"గుర్రాలు కరుచుకుంటే మందు నాకెందుకండీ?" అన్నాడు ఆయన. చుట్టూ ఉన్న బళ్ళవాళ్ళు పడీ పడీ నవ్వారు. సాయంత్రానికి అది కొండ మీద సామెతైపోయింది.

వెళ్ళబోతూ డాక్టరు ఆవిడతో గొంతు తగ్గించి అన్నాడు. "నేను నాలుగు కాళ్ళవాటికే డాక్టర్నమ్మా. కానీ గుర్రానికి ఒక పక్క ఇలా నీరసిస్తే నేను ఊరుకోను. తొందరగా తీసుకెళ్ళండి."

"ఎలా తీసుకెళ్ళను?"

"గుర్రమైతే తాడేసి లాక్కెళ్ళమని చెప్పేవాణ్ణి," అని డాక్టరు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

*

నెలాఖరు రోజున మేనేజరు వచ్చాడు. క్వారీ మనిషి కూడా వెంట ఉన్నాడు. అతను గుర్రాల పళ్ళు చూడలేదు, భుజాలు తట్టి చూశాడు. రాళ్ళు లాగే గుర్రానికి పళ్ళతో పనేముంది?

బండాయన తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. తల దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కుడి చేతి గుండీ పెట్టి ఉంది. అత్తగారు పెట్టి ఉంటుంది.

"సార్, ఒక్క మాట. గుర్రాల్లో తప్పు లేదు," అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న గడ్డి కింద పెట్టింది. చెప్పేస్తున్నాడు. ఆయనకీ తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, చెప్పేస్తున్నాడు.

"వాటికి నేనంటే గిట్టడం లేదు సార్. వానల్లో ఒకసారి కొట్టాను, మనసులో పెట్టేసుకున్నాయి. నేను పగ్గం పడితే చాలు, ఆ కోపం ఒకదాని మీద ఒకటి తీర్చుకుంటున్నాయి. మా ఆవిడ తోలితే కిక్కురుమనవు. ఈ సీజనుకి దాన్ని కూర్చోబెట్టండి. నేను సాల పని చూసుకుంటాను." ఇంత చెప్పి నవ్వాడు. "తోడికోడళ్ళు కదండీ, మగవాడి మాట వినవు."

క్వారీ మనిషి కూడా నవ్వాడు. మేనేజరు నవ్వలేదు కానీ మెత్తబడ్డాడు. ఆవిడ వైపు తిరిగాడు.

"ఏమ్మా, నిజమేనా? గుర్రాలకి మీ ఆయనంటే పడదా?"

అందరూ ఆవిడ వైపు చూశారు. ఇంతకంటే మంచి అదను మళ్ళీ రాదు. మేనేజరు అడుగుతున్నాడు, పదిమందీ ఉన్నారు, చెయ్యి సంగతి ఇప్పుడు చెబితే ఆయన నవ్వి తప్పించుకోలేడు. పట్నం పంపిస్తారు కూడా. ఆవిడ నోరు తెరిచింది. బల్ల అంచు దాకా జరిగిన గాజుగ్లాసుని చూసినట్టు ఆయన ఆవిడని చూస్తున్నాడు. పట్టుకోవడానికి చెయ్యి చాచలేనివాడు చూసినట్టు.

"అవునండీ," అంది. "ఎందుకో మరి."

మేనేజరు అప్పుడే బండి కట్టించి ఆవిడ చేత కింద గేటు దాకా తోలించి, తనూ ఎక్కి కూర్చుని చూశాడు. కిందికీ పైకీ ఒక్క గాటు పడలేదు. క్వారీ మనిషి ఉత్త చేతులతో కొండ దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఆయన పక్కన కూర్చుని, బతిమాలుతున్నట్టు కాకుండా మామూలుగా అనడానికి ప్రయత్నించింది. "రేపో ఎల్లుండో పట్నం వెళ్ళొద్దాం. గుర్రాల గొడవ తీరిపోయిందిగా."

"గొడవ తీరిపోయాక ఇంకా దేనికే?" అన్నాడు ఆయన. "సీజను అవనీ."

*

ఒకటో తారీకు పొద్దున గేటు దగ్గరికి మొదటి బండి ఆవిడదే. మొదట వచ్చినవాళ్ళు భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. పైకి వస్తుంటే పిల్లలు గుర్రాల పేర్లు అడిగారు. ఆవిడ, "పెద్దది, చిన్నది," అంది. ఆ పేరుని ఇంక ఎవరి నోటా అనిపించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

హోటలు మెట్ల దగ్గర పెట్టెలు దించాలి. ఎప్పుడూ అవి దించేది బండాయనే. ఆవిడ అటూ ఇటూ చూసింది, ఆయన లేడు. అత్తగారు గడపలోంచి వేలు చూపించింది. ఆయన సాల తలుపు వెనక, గుర్రాలకి కనబడకుండా, గోడకి అతుక్కుని నిలబడి ఉన్నాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ నిలబడ్డాడు, తన వాసన వాటికి తగలకుండా.

"కరుచుకున్నాయా?" అన్నాడు అక్కణ్ణించే, గుసగుసగా.

"లేదు. ఇలా రావయ్యా, పెట్టెలు దించు."

"వద్దు వద్దు, నన్ను చూస్తే మళ్ళీ మొదలెడతాయి. ఎవరినైనా పిలు."

ఆ గొంతు వినగానే పెద్దకోడలు చెవులు రెండూ అటు తిప్పింది. మెడ చాచి, సాల వైపు చూస్తూ గట్టిగా సకిలించింది. వెంటనే చిన్నకోడలు కూడా. మేత వేళ ఆయన బకెట్టు చప్పుడు విన్నప్పుడు అవి సకిలించేది అలాగే.

"విన్నావా, ఎలా తిడుతోందో," అన్నాడు ఆయన. తలుపు చాటుకి ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"తిట్టడం కాదయ్యా అది," అంది ఆవిడ. "నిన్ను పిలుస్తోంది."

ఆయన వినలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. దిగి వెళ్దామంటే ఆవిడ రెండు చేతుల్లోనూ పగ్గాలున్నాయి, వెనక పిల్లలు ఇంకా బండిలోనే ఉన్నారు. గుర్రాలు రెండూ ఆ తలుపు వైపే లాగుతున్నాయి. ఆవిడ వాటిని పట్టి ఆపింది. రెండు చేతులకీ సమానంగా బలం పెట్టి, ఆపుతూనే ఉంది.